జంట ఏడులు

జూన్ 3, మంగళవారం

ఇంట్లో తీర్మానం జరిగింది. ప్రవేశపెట్టింది మా కోడలు మాధురి, బలపరిచింది నా కొడుకు శ్రీనాథ్. నాకు ఓటు లేదు. ఇకమీదట నేను ఒంటరిగా గేటు దాటకూడదట. సామాన్లన్నీ ఫోన్‌లో తెప్పించుకోవాలట. నా చెవులు డాక్టరుకు చూపించాలట.

ఇంత రాద్ధాంతానికి కారణం నిన్న నారాయణగూడ చౌరస్తాలో ఒక స్కూటర్. అది నన్ను తగల్లేదు, నా సంచికి తగిలింది. బీరకాయలకు తప్ప ఎవరికీ దెబ్బ తగల్లేదు. వెనకాల నుంచి హారన్ మీద హారన్ కొట్టానని ఆ స్కూటర్ మనిషి ఇంటిదాకా వచ్చి మరీ శ్రీనాథ్‌కు చెప్పిపోయాడు. ఈ ఊళ్ళో హారన్ కొట్టనిదెవరు? ప్రతి హారనూ నాకే అనుకుంటే నేను రోడ్డు మధ్యలో నిలబడి అందరికీ నమస్కారాలు పెట్టుకుంటూ ఉండాలి.

చెవుల సంగతి ఇక్కడే రాసుకుంటున్నాను. ఈ డైరీలో అయితే మధ్యలో ఎవరూ అడ్డు రారు. నా చెవులు నిక్షేపంగా ఉన్నాయి. జనమే నోట్లో నోట్లో మాట్లాడుతున్నారు. కాలేజీలో తెలుగు చెప్పిన రోజుల్లో చివరి బెంచీ గుసగుసలు కూడా పట్టుకునేదాన్ని. ఇప్పటివాళ్ళకు పెదవులు కదపడం బద్ధకం, దానికి నాకు చెముడని పేరు.

సాయంత్రం మాధురి ఫోన్‌లో చింతపండు తెప్పించింది. పది నిమిషాల్లో వచ్చింది. గింజలు, ఈనెలు, పుల్లలు, అన్నీ కలిసి కుటుంబంగా వచ్చాయి. పచ్చిపులుసు తాగుతూ శ్రీనాథ్ పంటి కింద గింజ పడి ముఖం చిట్లించాడు. నేనేమీ అనలేదు. అనకుండా ఉండడం కూడా ఒక విద్య.

జూన్ 4, బుధవారం

ఒంటరిగా గేటు దాటి వెళ్ళి వచ్చాను. ఏమీ కాలేదు. ఎవరికీ చెప్పలేదు.

జూన్ 7, శనివారం

ఈ రోజు జరిగింది జరిగినట్టు రాయాలి. మళ్ళీ మళ్ళీ చదువుకోవాలి కనుక.

పొద్దున పదకొండింటికి ఫోన్ మోగింది. ఒక అమ్మాయి ఏదో గొణిగింది. గట్టిగా చెప్పమన్నాను. "మేడం, మీరు మా అత్యంత విలువైన కస్టమర్" అంది. పెట్టేశాను. శ్రీనాథ్ చెప్పాడు కదా, ఇట్లాంటి తియ్యటి మాటలు మాట్లాడేవాళ్ళందరూ బ్యాంకులో డబ్బు కోసమేనని. ఫోన్‌కు వచ్చే మెసేజీలు తెరవొద్దని, నీలం గీతల మీద వేలు పెట్టొద్దని ప్రమాణం కూడా చేయించుకున్నాడు. నా ఫోన్‌కు రోజంతా ఏవో టింగు టింగుమని వస్తూనే ఉంటాయట. ఒక్కటీ తెరవను.

మళ్ళీ మోగింది. ఈసారి మగ గొంతు. మన చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీది ధాన్యసిరి సూపర్‌మార్ట్ మేనేజర్ ప్రేమ్‌సాగర్. గళ్ళ చొక్కా ప్రేమ్‌సాగర్ అంటే గుర్తుపట్టాను. మొత్తం దుకాణంలో ఈ ఏడాది అందరికన్నా ఎక్కువ కొన్నది, అందరికన్నా ఎక్కువసార్లు వచ్చింది నేనేనట. ఇరవై రెండో తారీకు ఆదివారం నాకు శాలువా కప్పుతారట. విలువైన కస్టమర్లకు ఇంకా మంచి సేవ ఎట్లా చేయాలో నేను నాలుగు మాటలు చెప్పాలట.

విలువైన! మా ఇంట్లో ఈ మాట ప్లాటుకు వాడతారు, కారుకు వాడతారు. నాకు మొదటిసారి.

రాత్రి భోజనాల దగ్గర సంగతి బయటపెట్టాను. శ్రీనాథ్ నవ్వాడు. మాధురి బ్యాంకులో పనిచేస్తుంది, కనుక నవ్వే ముందు లెక్క చూస్తుంది.

"ఎట్ల అయితది అత్తమ్మా? మీరు పోయేదే పొద్దున ఒకసారి. తెచ్చేది పావుకిలో బెండకాయలు, అది కూడ ఒక్కొక్కటి తోక విరిచి చూసి. వాళ్ళే మీకు కూలి కట్టియ్యాలె."

మార్చిలో అదే దుకాణం నాకు ఉచితంగా ఇచ్చిన ప్రెషర్ కుక్కరును చూపించాను. పాయింట్లు పోగైతే ఇచ్చారు. పాయింట్లు ఊరికే పోగవుతాయా? నాణ్యత చూసి కొనేవాళ్ళకు దుకాణాల్లో ఒక గౌరవం ఉంటుంది, అది డబ్బుకు సంబంధించింది కాదు అన్నాను. నాకే నిజమనిపించింది.

ఊరంతా మొదటి స్థానం ఇచ్చిన మనిషిని ఇంట్లో రోడ్డు దాటనివ్వరా అని అడిగాను. చివరికి రాజీ కుదిరింది. సన్మానం దాకా నేను ఒంటరిగా వెళ్ళొచ్చు. సన్మానం అయిన మర్నాడు బర్కత్‌పురలో చెవుల డాక్టరు. చెవులు బాగాలేవని తేలితే ఇక ఇల్లే.

తేలేది లేదు కనుక ఒప్పుకున్నాను.

జూన్ 9, సోమవారం

చెప్పాల్సిన నాలుగు మాటలు నలభై అయ్యాయి.

కందిపప్పును వారానికొకసారి ఇల్లు మారుస్తారెందుకు? అద్దెకున్నవాళ్ళు కూడా అన్నిసార్లు మారరు. చింతపండు అన్నిటికన్నా కింది అరలో ఉంటుంది. చింతపండు వాడే వయసు వాళ్ళకు మోకాళ్ళుంటాయని వీళ్ళకు తెలియదా? ధర రాసిన చీటీలు చీమలు చదువుకోవడానికి వేసినట్టున్నాయి. పాటలు పెడతారు, ఏం పాటో తెలియదు, ఎవరితో ఏం మాట్లాడినా వినపడదు. (వాళ్ళ పాట వల్ల.) బిల్లు కౌంటరు దగ్గర ఒక్క కుర్చీ వేస్తే వాళ్ళ ఆస్తి కరిగిపోదు.

కౌంటరులో విజయశ్రీ అని ఒక అమ్మాయి ఉంటుంది. మంచి పిల్ల. దాని చేతికి నా సంచి ఇచ్చీ ఇవ్వకముందే "నంబర్ చెప్పండి మేడం" అంటుంది. నంబర్ చెప్పనిదే ఆఫరు రాదు, పాయింట్లు రావు. నేను నంబర్ చెప్పే తీరే వేరు. పాఠం చెప్పినట్టు చెబుతాను. విరామాలుంటాయి, ఊనికలుంటాయి. చివర అందరిలాగా డబుల్ సెవెన్ అనను. "జంట ఏడులు" అంటాను. ఒక్కసారికే విజయశ్రీకి ఎక్కుతుంది. ఇవ్వాళ కూడా చెప్పగానే లైన్లో అందరూ నావైపు చూశారు. స్పష్టమైన తెలుగు విని ఎంతకాలమైందో పాపం.

జూన్ 10, మంగళవారం

గద్వాల చీర. ఆకుపచ్చది కాదు, ఇటుక రంగుది. శాలువా ఏ రంగో అడగాలి.

జూన్ 12, గురువారం

ఎట్లా మొదలుపెట్టాలో తెలియడం లేదు.

పొద్దున కాకుండా సాయంత్రం వెళ్ళాను. పెద్ద లైను. అశోక్‌నగర్ హాస్టళ్ళ పిల్లలంతా లైబ్రరీ నుంచి తిరిగి వెళ్ళే వేళ. నా ముందు ఒక అమ్మాయి, వీపుకు సంచి, చేతిలో మ్యాగీ ప్యాకెట్లు, చిన్న పెరుగు డబ్బా, ఆడపిల్లలకు కావలసిన ప్యాకెట్టొకటి. పాట అప్పుడే ఆగింది. విజయశ్రీ నంబర్ అడిగింది.

ఆ అమ్మాయి చెప్పడం మొదలుపెట్టింది. తొంభై ఎనిమిది, అని ఆగింది. నేను ఆగే చోటే ఆగింది. మూడో అంకె మీద నేను వేసే ఊనికే వేసింది. ఎక్కడో విన్నట్టుందే అనుకుంటున్నాను. ఇంతలో చివరికి వచ్చి అంది:

"జంట ఏడులు."

ఇరవై ఏళ్ళ పిల్ల నోటి నుంచి జంట ఏడులు ఎట్లా వస్తాయి? విజయశ్రీ తెర చూసి "మనోరమ మేడమోళ్ళా?" అంది. "ఆఁ, మా అమ్మమ్మ" అంది ఆ పిల్ల, కన్ను ఆర్పకుండా. నేను మనోరమను. వెనకాలే నిలబడి ఉన్నాను. నాకు మనవరాళ్ళు లేరు.

నా బెండకాయలు అక్కడే వదిలేసి వెంటపడ్డాను. మెట్ల దగ్గర సంచి పట్టుకున్నాను. వెనక్కి తిరిగి నన్ను చూసి ఆ పిల్ల ముఖం పాలిపోయింది.

"నేను నీకు ఏ తరఫు అమ్మమ్మను?" అని అడిగాను.

ఏడుస్తుందేమోనని భయపడ్డాను, రోడ్డు మీద ఆడపిల్లను ఏడిపించానని రేపు కాలనీ అంతా అంటుంది. పక్కనున్న చెరుకు రసం బండి దగ్గర కూర్చోబెట్టాను. పేరు రమ్య. జగిత్యాల దగ్గర ఊరు. గవర్నమెంటు పరీక్షలకు చదువుతోంది. అంతా చెప్పింది.

మొదట్లో తన నంబరే చెప్పేదట. వెనకాల లైన్లో ఎవడో విని రాసుకున్నాడు. ఫోన్లు మొదలయ్యాయి. హాస్టల్ ఏది, రూమ్ ఏది, నిన్న వేసుకున్న చున్నీ బాగుందని మెసేజీలు. సిమ్ పారేసి, ఫోన్ నీళ్ళల్లో పడ్డదని ఇంట్లో అబద్ధం చెప్పి కొత్త నంబర్ తీసుకుంది.

"మా బాపుకు తెలిస్తె ఒక్క దినం ఉంచడు మేడం. చదివింది చాలు నడువ్ అంటడు, లగ్గం చేస్తడు. వచ్చే నెల పరీక్ష ఉన్నది నాకు."

దొంగ నంబర్ ఏదైనా చెప్పొచ్చు కదా అన్నాను. కొత్త నంబరైతే పేరు, ఊరు అడుగుతారట, అందరి ముందూ. నా నంబర్ చెబితే ఏమీ అడగరట. అసలు నా నంబర్ నీకెట్లా తెలుసు అని అడిగాను. అప్పుడు చూసింది నా వంక, జాలిగా.

"మీరు చెప్తె రోడ్డు అవుతల పాన్ డబ్బకాడికి వినపడతది మేడం. మేం అన్ని పాటలెక్క యాద్ పెట్టుకుంటం గద, ఒక్కసారికే వచ్చింది. హాస్టల్ల అందరికి నేనే నేర్పిన."

అందరికీ.

చెరుకు రసం నా కోసం కూడా తెచ్చాడు బండివాడు. తాగాను. ఏం రుచో తెలియలేదు.

జూన్ 13, శుక్రవారం

నాకు చెముడు లేదు.

గొంతు పెద్దది, అంతే. అధ్యాపకుల గొంతు పెద్దగానే ఉంటుంది.

జూన్ 14, శనివారం

ఇప్పుడు నా పరిస్థితి ఇది. అత్యంత విలువైన కస్టమర్ నేను కాదు, ఒక హాస్టల్. ఈ సంగతి బయటపెడితే సన్మానం పోతుంది, సరే. ఎట్లా బయటపడ్డదంటే ఏం చెప్పాలి? పాన్ డబ్బా దాకా వినపడేటట్టు అరిచానని చెప్పాలి. మాధురి ఒక్క మాట కూడా అనదు, ఫోన్ తీసి డాక్టరుకు కొడుతుంది.

కనుక నోరు మూసుకోవడమే మంచిది. ఎవరికీ నష్టం లేదు. పిల్లలకు ఆఫర్లొస్తాయి, నాకు శాలువా వస్తుంది.

ఆ మెసేజీలు ప్రమాదం లేనివేనా అని శ్రీనాథ్‌ను అడిగాను. దుకాణం బిల్లులే, తెరవొచ్చన్నాడు. తెరిచాను. మధ్యాహ్నం నిద్ర లేదు. మ్యాగీ, మ్యాగీ, తలనొప్పి బామ్, మళ్ళీ మ్యాగీ. చిన్న పెరుగు డబ్బా ఒకటి, ప్లాస్టిక్ చెంచాలు రెండు. ఎవరి పుట్టినరోజో, ఒక పెద్ద చాక్లెట్టు. దోమల అగరుబత్తి. ఒకామె నెలాఖరులో ఒక్క బిస్కెట్ ప్యాకెట్టే కొన్నది. వీళ్ళ అమ్మలకు కూడా ఇంత తెలియదు. చదవకూడదని తెలుసు. చదివాను. తర్వాత ఫోన్ బోర్లా పెట్టాను.

మార్చిలో వచ్చిన కుక్కరు కూడా వీళ్ళదే. మ్యాగీ తిని సంపాదించిన కుక్కరు.

జూన్ 15, ఆదివారం

రమ్యను ఇంటికి పిలిచాను. ఆ కుక్కర్లోనే బగారా అన్నం వండి పెట్టాను. ఎవరి కుక్కరో వాళ్ళకు పెట్టాలి. మాధురికి మాత్రం లైబ్రరీ దగ్గర పరిచయమైన పిల్ల అని చెప్పాను. లైబ్రరీ దగ్గరే కదా, దాదాపు.

ఉత్త చేతులతో రాలేక కోవా పొట్లం తెచ్చింది. కోప్పడ్డాను. ఉద్యోగం వచ్చినప్పుడు కిలో కోవా తేవాలి, అప్పటిదాకా ఈ ఇంటికి చేతులూపుకుంటూ రావాలి అని చెప్పాను. సంధులు, సమాసాలు అడిగాను. సమాసాలు బాగా చెప్పింది, సంధుల్లో కొట్టుకుంది. వారానికి రెండుసార్లు రమ్మన్నాను.

మాధురి వంటింట్లో నాతో అంది, ఆ పిల్ల మాట్లాడుతుంటే నేను ప్రతిదానికీ తల ఊపానని, కానీ ఒక్కదానికీ సరైన జవాబు చెప్పలేదని. గ్రైండరు నడుస్తోంది కదా అన్నాను.

గ్రైండరు నడవలేదట.

జూన్ 18, బుధవారం

ప్రేమ్‌సాగర్ స్వయంగా ఇంటికొచ్చాడు. శాలువా రంగు అడగడానికి అనుకున్నాను. శుభవార్త తెచ్చానన్నాడు. బంగారు రంగు కార్డు ఇస్తారట, దానితోపాటు ఇంకో సౌకర్యం.

"మీ పాయింట్లు వేరేటోళ్ళు వాడకుండ సేఫ్టీ పెట్టినం మేడం. ఒకటో తారీకు సంది మీ నంబర్ ఎవరు చెప్పినా మీ ఫోన్‌కు ఓటీపీ వస్తది. అది చెప్తేనే బిల్లు. ఇగ మీరు బేఫికర్."

నేను బేఫికర్. హాస్టల్ పిల్లలు మళ్ళీ లైన్లో నిలబడి, వెనకాల ఎవడున్నాడో చూసుకుంటూ, తమ తమ నంబర్లు చెప్పుకోవాలి. రమ్య తన కొత్త నంబర్ చెప్పాలి. పరీక్ష ముందు.

ఆ సేఫ్టీ నాకు వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి. "చాలా సంతోషం" అన్నాను. ఆయనకు టీ ఇచ్చాను. చక్కెర ఎక్కువైందని పంపేశాక తెలిసింది.

జూన్ 19, గురువారం

రమ్య వచ్చింది. ఓటీపీ సంగతి చెప్పలేదు. సంధులు చెప్పాను.

జూన్ 20, శుక్రవారం

ఒకటో తారీకుకు ఇంకా చాలా రోజులున్నాయి. దారేదో దొరక్కపోదు.

ఇటుక రంగు చీర ఇస్త్రీకి ఇచ్చాను.

జూన్ 21, శనివారం

దొరకలేదు.

జూన్ 22, ఆదివారం

రాత్రయింది. అయినా ఇవ్వాళే రాయాలి.

బియ్యం బస్తాల పక్కన చిన్న వేదిక. నా బొమ్మతో ఫ్లెక్సీ. "మా విలువైన కస్టమర్" అని, "విలువ" ఒక వరుసలో, "ఐన కస్టమర్" ఇంకో వరుసలో. ఒక తెలుగు అధ్యాపకురాలి సన్మానానికి సంధి విడగొట్టారు. మాధురి, శ్రీనాథ్ ముందు నిలబడ్డారు. ఆదివారం కనుక జనం బాగానే ఉన్నారు. వెనకాల సబ్బుల అర దగ్గర రమ్య, ఇంకొందరు పిల్లలు. ముఖాలు చూస్తే నా మనవరాళ్ళందరూ వచ్చినట్టే ఉంది.

శాలువా కప్పారు. రంగు నప్పలేదు. ప్రేమ్‌సాగర్ మైకు ఇచ్చి, విలువైన కస్టమర్లకు మేమింకా ఏం చెయ్యాలో చెప్పండి మేడం అన్నాడు. చేతిలో నా నలభై మాటల కాగితం ఉంది. కందిపప్పుతో మొదలుపెట్టాను. నవ్వారు. చీమల చీటీలన్నాను, ఇంకా నవ్వారు. నాకు నవ్వించడం చాతనవును. అట్లాగే ముగించి దిగిపోవచ్చు. రమ్య కూడా నవ్వుతోంది. ఒకటో తారీకు సంగతి దానికి తెలియదు.

కాగితం మడిచి సంచిలో పెట్టాను.

"ప్రేమ్‌సాగర్ గారూ, నా నంబర్ అడగండి."

"మీది మాకు ఎర్కనే గద మేడం" అన్నాడు.

"మీకొక్కరికేనా?" అని జనం వైపు తిరిగాను. "నా ఫోన్ నంబర్ ఎవరెవరికి వచ్చు?"

ముందు పెసరపప్పు ప్యాకెట్టు పట్టుకున్న ఒక పెద్దాయన మొహమాటంగా చెయ్యెత్తాడు. కవాడిగూడ నుంచి వస్తాడు, నమస్కారం తప్ప మాట లేదు మా మధ్య. తర్వాత ఒకావిడ. కూరగాయల దగ్గరి మనిషి. పాన్ డబ్బా అతను కూడా తలుపు దగ్గరికి వచ్చి చెయ్యెత్తాడు. చెప్పమన్నాను. మొదట ఇద్దరు మొదలుపెట్టారు, రెండో అంకెకు అందరూ అందుకున్నారు. నా విరామాలతో, నా ఊనికలతో. క్లాసులో ఎన్నడూ ఇంత బాగా అప్పజెప్పించలేదు నేను. చివరికి మొత్తం దుకాణం ఒక్క గొంతుతో అంది, జంట ఏడులు.

అందరూ నవ్వారు. శ్రీనాథ్ కూడా. మాధురి నవ్వలేదు. నన్నే చూస్తోంది.

"నాకు చెవులు వినపడవు" అన్నాను.

మైకు అక్కర్లేకపోయింది.

"వినపడక గట్టిగా చెప్పిన. మీ అందరికి నోటికొచ్చింది. నేను ముసలిదాన్ని, నాకు ఎవరు ఫోన్ చేసినా ఒకటే, వినపడదు. కాని ఈ కౌంటర్ కాడ దినాం ఆడపిల్లలు గూడ నంబర్ చెప్తరు. వెనకాల ఉన్నోళ్ళకు చెవులు మంచిగనే ఉన్నయి. విని, రాసుకొని, రాత్రిళ్ళు ఫోన్లు చేస్తున్నరు. అందుకే ఆ పిల్లలు తమ నంబర్ చెప్పరు, నాది చెప్తరు. నాకు మీ ఓటీపీ వద్దు. ఆ నంబర్ కొట్టే మిషన్ మా దిక్కు తిప్పండి. ఎవరి నంబర్ వాళ్ళం నోరు తెరవకుండ కొట్టుకుంటం."

ప్రేమ్‌సాగర్ గళ్ళ చొక్కా చెమటతో తడిసింది. ఫ్లెక్సీ వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"అంటె మేడం, ఇవన్ని కొన్నది మీరు కాదా?"

"బెండకాయలు నేను కొన్న. మిగిలినయన్ని మా మనవరాళ్ళు."

"ఎంతమంది మేడం మీకు?"

"హాస్టళ్ళల్ల ఎంతమంది పడితే అంతమంది. మీ విలువైన కస్టమర్లు వాళ్ళు. చిన్న పెరుగు డబ్బ, ఒక్క బిస్కెట్ ప్యాకెట్. పేరు పిలిచి శాలువ కప్పకండి, అసలు పేరే అడగకండి. వాళ్ళకు చేసే మర్యాద అదే."

సబ్బుల అర దగ్గర ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. విజయశ్రీ కౌంటరు వెనక నుంచి కలిసింది. హెడ్ ఆఫీసును అడగాలన్నాడు ప్రేమ్‌సాగర్. కవాడిగూడ పెద్దాయన పెసరపప్పు ప్యాకెట్టు కౌంటరు మీద పెట్టేసి, మీ హెడ్ ఆఫీసు చెప్పేదాకా నేను కూడా జంట ఏడులే చెబుతానన్నాడు. నమస్కారానికి మించిన మాట అదే మొదటిది.

ఇంటికొచ్చి మెట్లెక్కుతుంటే మాధురి నా మోచెయ్యి పట్టుకుంది.

"అత్తమ్మా, చెవుల డాక్టర్ రేపు పదింటికి."

"వినపడలేదు" అన్నాను.

"గట్టిగ చెప్పనా? పాన్ డబ్బోనికి గూడ చెప్పనా?"

నవ్వు వచ్చింది. ఆపుకున్నాను, ఆమెకు కనపడకూడదని.

జూన్ 23, సోమవారం

బర్కత్‌పుర డాక్టరు చాలా చిన్నవాడు. ఒక గదిలో కూర్చోబెట్టి, శబ్దం వినపడ్డప్పుడల్లా మీట నొక్కమన్నాడు. నేను శ్రద్ధగా కూర్చున్నాను. ఇంకా మొదలుపెట్టలేదేమిటని అడిగాను. అయిపోయిందన్నాడు.

రెండు చెవులకూ మిషన్లు. అవి పెట్టుకుంటే నేను ఒంటరిగా వెళ్ళొచ్చని కొత్త తీర్మానం. ఈసారి నాకు ఓటిచ్చారు.

జూన్ 30, సోమవారం

మిషన్లు వచ్చాయి. పెట్టుకుని పది నిమిషాలున్నాను. మా ఫ్రిజ్ ఇంత మాట్లాడుతుందని తెలియదు. శ్రీనాథ్ తినేటప్పుడు చేసే చప్పుడు కూడా. పెంపకం లోపం నాదే. తీసి డబ్బాలో పెట్టాను. బయటికి వెళ్ళేటప్పుడు మాత్రమే.

జూలై 5, శనివారం

ఓటీపీ మానేసి, కౌంటరు దగ్గర మిషన్ మా దిక్కు తిప్పారు. చుట్టూ చిన్న అట్ట అడ్డం. నాలుగు అంకెలు తప్పు కొట్టాను, విజయశ్రీ నేర్పింది. నోరు తెరవలేదు. లైన్లో ఎవరూ నా వైపు చూడలేదు. కుర్చీ కూడా వేశారు. దాని మీద ఉల్లిగడ్డల బస్తా కూర్చుంది.

జూలై 11, శుక్రవారం

ఫోన్ టింగుమనడం లేదు. ఎవరి నంబర్ వాళ్ళు కొట్టుకుంటున్నారు. అదే కదా నేను అడిగింది.

నా పాయింట్లు పావుకిలో బెండకాయల స్థాయికి దిగాయి. ఫ్లెక్సీ తీసేసి ఎవరో దోమలగూడ వ్యాపారిది పెట్టారు. ఆయన బొమ్మ బాగానే ఉంది, ఎక్కువ తింటాడు.

జూలై 20, ఆదివారం

రమ్య పరీక్ష అయింది. బాగా రాసిందట. సంధులు రెండొచ్చాయట. రెండూ నేను చెప్పినవే.

ఆగస్టు 2, శనివారం

రమ్య ఊరికి వెళ్ళింది. ఫలితాలు వచ్చేదాకా అక్కడే చదువుకుంటుందట. వాళ్ళ బాపు బస్టాండుకు వచ్చి తీసుకెళ్ళాడు. ఫలితం రాకపోతే మళ్ళీ పంపడేమోనని దాని భయం. అనలేదు, కానీ మూడుసార్లు సంచి జిప్పు వేసి తీసింది.

చెవుల మిషన్లు డబ్బాలోనే ఉన్నాయి. ఇంట్లో ఎందుకు? ఇంట్లో అందరి మాటలూ ఎట్లాగూ తెలుసు.

సెప్టెంబరు 4, గురువారం

ఏమీ లేదు. ఫోన్ చూశాను. ఏమీ లేదు.

సెప్టెంబరు 16, మంగళవారం

ఫలితాలు వచ్చాయని మాధురి పొద్దున బ్యాంకుకు వెళ్తూ చెప్పింది. రమ్య నంబర్ నా దగ్గర లేదు. నేనెప్పుడూ అడగలేదు, ఎవరూ అడగని చోటు ఒకటి దానికి ఉండాలని. నా నంబర్ దానికి వచ్చు, చేస్తుందిలే అనుకున్నాను. మధ్యాహ్నం దాకా చెయ్యలేదు. భోజనం సహించలేదు. ఉద్యోగం రాకపోతే దానికి ఏం చెప్పాలో ఆలోచించాను. వాళ్ళ బాపుకు ఏం చెప్పాలో కూడా.

నాలుగింటికి చేతిలోని ఫోన్ వెలిగింది.

ధాన్యసిరి బిల్లు. నేనివ్వాళ గేటు దాటలేదు.

తెరిచాను. కోవా, కిలో.

కౌంటరు మిషన్ కొనేవాళ్ళ దిక్కే తిరిగి ఉంది, ఎవరి నంబర్ వాళ్ళు కొట్టుకోవచ్చు. అయినా ఒకమ్మాయి నా నంబర్ కొట్టింది. కొట్టిందో, లేకపోతే నోరారా చెప్పిందో. చెప్పే ఉంటుంది. జంట ఏడులు అని లైన్లో అందరికీ వినపడేటట్టు చెప్పే ఉంటుంది.

ధాన్యసిరి నుంచి మా ఇంటికి నడిస్తే ఎంతసేపు. ఇటుక రంగు చీర కట్టుకున్నాను. పొయ్యి మీద టీకి నీళ్ళు పెట్టాను. డబ్బాలోంచి మిషన్లు తీసి రెండు చెవులకూ పెట్టుకున్నాను.

గేటు చప్పుడు వినాలి కదా.